బర్మా నుంచి పారిపోయి వచ్చినవాళ్లు: మిజోరం చేసింది తప్పా?

విశాఖవాసి: 2021 ఫిబ్రవరిలో మయన్మార్‌లో సైన్యం అధికారం లాక్కున్నాక అక్కడి చిన్ తెగ జనం సరిహద్దులోని టియావు నది దాటి మిజోరం వచ్చారు. రానివ్వొద్దని మార్చిలో కేంద్ర హోంశాఖ సరిహద్దు రాష్ట్రాలకు రాసింది. అప్పటి మిజోరం ముఖ్యమంత్రి జోరంతంగా మాత్రం మేము ఒప్పుకోలేమని ప్రధానికే ఉత్తరం రాశారు. ఆయన చేసిందే కరెక్టు.

గోదారిగట్టు: 1951 శరణార్థుల ఒప్పందం మీద మనం సంతకం చేయలేదు. శరణార్థులకంటూ విడిగా చట్టమూ లేదు. కాగితం లేకుండా వస్తే అక్రమ వలసే.

పాతబస్తీ: బంగ్లాదేశ్ కూడా సంతకం చేయలేదు. 2017లో మయన్మార్ నుంచి పారిపోయి వచ్చిన ఏడు లక్షల మందికి పైగా రోహింగ్యా ముస్లింలను రానిచ్చింది కదా?

గోదారిగట్టు: రానిచ్చి కాక్స్ బజార్ శిబిరాల్లో కంచె వేసి కూర్చోబెట్టింది. వెనక్కి పంపలేక ఇప్పటికీ అవస్థ పడుతోంది. అయినా ఆధార్‌లో ఒక్క అక్షరం తేడా ఉందని మా నాన్నకు ఎనిమిది నెలలు రేషన్ ఆపారు. ఇక్కడే పుట్టినవాడికి కాగితం కావాలి, వాళ్లకు అక్కర్లేదా?

విశాఖవాసి: రేషన్‌కీ దీనికీ ఏం సంబంధమండీ? బర్మాలో నె విన్ సైనిక ప్రభుత్వం 1964లో షాపులు లాక్కుంటే మా తాతయ్య రంగూన్ నుంచి ఓడెక్కారు. రేవులో నగలన్నీ తీసేసుకున్నారు. మా నానమ్మ కమ్మలు పోయి, చెవులకు చీపురుపుల్లలు పెట్టుకుని వైజాగ్‌లో దిగింది.

గోదారిగట్టు: వాళ్లు భారతీయులు. ఓడలు పంపింది మన ప్రభుత్వమే. పోలికే తప్పు.

విశాఖవాసి: మా నాన్న పుట్టింది రంగూన్‌లో! అక్కడ 'కలా' అని, అంటే భారతీయుల్ని హీనంగా పిలిచే మాటతో తిట్టారు, ఇక్కడ 'బర్మావాళ్లు' అని వేరుగా చూశారు. మీకేం తెలుసు?

కిన్నెర: ఇద్దరూ కాస్త తగ్గండి.

పాతబస్తీ: తగ్గడం కాదు, అసలు సంగతి ఇదే. మిజోలు తలుపు తీసింది చిన్‌లు తమ రక్తమని. మీ తాతగారికి ఓడ వచ్చిందీ మనవాళ్లనే. హైదరాబాద్ బాలాపూర్‌లో చెత్త ఏరుకునే రోహింగ్యాలు ఎవరికి చుట్టాలు? మీరు మిజోరంను పొగిడినప్పుడల్లా నాకు వాళ్లే గుర్తొస్తారు.

గోదారిగట్టు: నేను మొదటినుంచీ చెప్పేదీ అదే. చుట్టరికం చూసి చోటివ్వకూడదు. చట్టం రాయండి, అందరికీ ఒకటే వర్తించాలి. అప్పటిదాకా ఎవరికీ వద్దు.

విశాఖవాసి: రోహింగ్యాల మాట ఒప్పుకుంటాను, నేను వాళ్ల గురించి ఆలోచించలేదు. కానీ 'అప్పటిదాకా' అంటున్నారే, ఆ చట్టం వచ్చేలోగా టియావు ఒడ్డున పిల్లను చంకనేసుకుని నిలబడ్డ తల్లికి ఏం చెప్పమంటారు?

గోదారిగట్టు: రేపు రాస్తాను.