హింస నుంచి బిడ్డతో పారిపోయి వస్తే, రక్షణ హామీలు చూసి వెనక్కి పంపొచ్చా?

పాదచారి
1980 హేగ్ ఒప్పందం చెప్పేది ఇది. పదహారేళ్లు నిండని బిడ్డను తల్లి గానీ తండ్రి గానీ రెండోవారి కస్టడీ హక్కును కాలరాసి దేశం దాటిస్తే, అప్పటిదాకా పెరిగిన దేశానికి ఆ బిడ్డను తిప్పి పంపాలి. కస్టడీ ఎవరికన్నది అక్కడి కోర్టే తేలుస్తుంది. దీనికున్న మినహాయింపుల్లో 13(1)(బి) మీదే గొడవంతా: పంపితే బిడ్డకు తీవ్ర ప్రమాదం ఉందని తేలితే పంపనక్కర్లేదు. మరి ప్రమాదం ఉన్నా, తగిన రక్షణ ఏర్పాట్లు చేసి పంపొచ్చా? పంపాలనే నేనంటాను. పంపకపోతే ముందుగా విమానం ఎక్కినవాళ్లదే గెలుపవుతుంది. వెనక మిగిలినవాళ్లు ఏడాదికోసారి వీడియో కాల్‌లో బిడ్డను చూసుకోవాల్సి వస్తుంది.

గోరింట
పాదచారి గారూ, ఒప్పందం రాసినప్పుడు వాళ్ల కళ్లముందున్నది కస్టడీ దక్కక బిడ్డను ఎత్తుకుపోయే తండ్రి. ఇప్పుడు సంగతి వేరు. బిడ్డను తిప్పి పంపమని 2021లో ఈ ఒప్పందం కింద వచ్చిన దరఖాస్తుల లెక్క చూస్తే, బిడ్డను తీసుకెళ్లినవాళ్లలో నాలుగింట మూడొంతుల మంది తల్లులే. "మేం పంపేది బిడ్డను, తల్లిని కాదు" అని తీర్పుల్లో రాస్తారు. ఏడాదిన్నర బిడ్డ తల్లి లేకుండా ఎలా వెళ్తుందండీ? తల్లి వెళ్లక తప్పదు, కొట్టినవాడు ఉన్న ఊళ్లోకే.

ఇంకో మాట. "బిడ్డ మీద చెయ్యి పడలేదు, తల్లినే కొట్టాడు" అని దరఖాస్తు వేసినవాళ్లు వాదిస్తారు. జపాన్ 2014లో ఈ ఒప్పందంలో చేరింది. బిడ్డ మనసు దెబ్బతినేలా తల్లినో తండ్రినో హింసించే అవకాశం ఉందా అన్నది జడ్జి చూడాలని తన చట్టంలోనే రాసుకుంది. ఆస్ట్రేలియా కూడా 2022లో నిబంధనలు మార్చి, కుటుంబ హింస వల్ల వచ్చే ముప్పును లెక్కలోకి తీసుకోవచ్చని స్పష్టం చేసింది. మిగతా దేశాలు ఎందుకు చెయ్యకూడదు?

నియమావళి
ఇద్దరూ సిద్ధాంతం దగ్గరే ఆగారు. ఏర్పాట్లు కాగితం మీద ఎలా ఉంటాయో, ఎక్కడ చెడతాయో చూడండి. మామూలుగా తండ్రి ఇచ్చే అండర్‌టేకింగ్‌లో ఇవి ఉంటాయి: తల్లీబిడ్డలకు వేరే ఇల్లు, మూడు నెలల అద్దె, ఖర్చులకు ఇంత డబ్బు, దగ్గరికి రాను, బిడ్డను తీసుకెళ్లినందుకు తల్లి మీద పెట్టిన క్రిమినల్ కేసు ముందుకు నడపను.

ఒక్కొక్కటే తీసుకుందాం. అండర్‌టేకింగ్ అంటే తిప్పి పంపే కోర్టుకు ఇచ్చిన మాట. బిడ్డ దిగిన మరుక్షణం ఆ కోర్టు చేతిలో ఏమీ ఉండదు. అవతలి దేశపు పోలీసుకు ఆ కాగితం చూపిస్తే "ఇది మా కోర్టు ఆర్డర్ కాదు" అంటాడు, అంతే. "దగ్గరికి రాను" అని రాసి, బిడ్డను వారం వారం ఎవరు అప్పగిస్తారో, ఎక్కడ అప్పగిస్తారో రాయరు. దాంతో మొదటి శనివారమే ఇద్దరూ గుమ్మం ముందు ఎదురుపడతారు. కేసు విషయానికొస్తే, చాలా చోట్ల ప్రాసిక్యూషన్ నడిపేది ప్రభుత్వం. ఫిర్యాదుదారు వద్దన్నంత మాత్రాన వారంటు రద్దు కాదు. ఇమిగ్రేషన్ కౌంటర్ దగ్గర పాస్‌పోర్టు స్కాన్ చెయ్యగానే తల్లిని పక్కకు తీసుకెళ్తారు. బిడ్డ ఎవరి చేతికి వెళ్తుందో చెప్పనక్కర్లేదు.

పాదచారి
మీరు చెప్పిన లోపాలు ఒప్పుకుంటాను. కానీ అవి ఏర్పాట్లను గట్టిగా చెయ్యాలనడానికి కారణాలు, పంపకూడదనడానికి కావు. యూరోపియన్ యూనియన్‌లో 2022 ఆగస్టు 1 నుంచి అమల్లో ఉన్న 2019/1111 నిబంధన ఆ పనే చేసింది. తగిన ఏర్పాట్లు చేశారని, తిరిగి రమ్మంటున్న పక్షం ఆధారాలతో చూపించాలి. చూపిస్తే 13(1)(బి) పేరు చెప్పి కోర్టు నిరాకరించకూడదు. రుజువు భారం సరైన చోటే పడింది.

గోరింట
అదే ఏడాది అమెరికా సుప్రీంకోర్టు ఏం చెప్పిందో కూడా చూడండి. తీవ్ర ప్రమాదం ఉందని తేలాక, ఊహకందే ప్రతి ఏర్పాటునూ పరిశీలించి తీరాలన్న నియమం లేదంది. జడ్జి విచక్షణకే వదిలింది. రక్షణ ఆర్డర్లను అదివరకే లెక్కచెయ్యని మనిషి ఇచ్చే కొత్త హామీకి విలువెంత? నన్నడిగితే, పాత ఆర్డర్ ఉల్లంఘన రికార్డులో కనిపిస్తే ఏర్పాట్ల చర్చ అక్కడితో ఆగిపోవాలి.

ఆధారాల సంగతీ ఉంది. ఆరు వారాల్లో తేల్చాలన్నది ఒప్పందం లక్ష్యం. అందుకే చాలా చోట్ల అఫిడవిట్ల మీదే నడుస్తుంది, సాక్షుల విచారణ అరుదు. హింస నాలుగు గోడల మధ్య జరుగుతుంది. రాత్రికి రాత్రి వచ్చేసినామె ఆస్పత్రి కాగితాలు వెంట తెచ్చుకుంటుందా?

నియమావళి
గోరింట గారూ, ఆ చిక్కుకే బ్రిటన్ సుప్రీంకోర్టు 2011లో ఒక దారి చూపింది. ఆరోపణలు నిజమే అనుకుని, అలాగైతే ప్రమాదం తీవ్రమైనదేనా అని ముందు చూడాలి. తీవ్రమైతే, ఏర్పాట్లు దాన్ని ఆపగలవా అన్నది తర్వాత చూడాలి. ఆపలేవనిపిస్తేనే నిజానిజాల్లోకి దిగాలి. నాకు ఈ వరస నచ్చుతుంది. అయితే ఇందులో ఒక గుంట ఉంది: ఏర్పాట్లు చాలనేస్తే హింస జరిగిందో లేదో ఎవరూ తేల్చరు. అవతలి కోర్టుకు ఆ సంగతి ఖాళీ పేజీగానే చేరుతుంది.

తీగమల్లె
మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి, వెనక మిగిలినవాళ్ల వైపు నుంచి ఒకటి. సెంట్రల్ అథారిటీకి, అంటే ఈ ఒప్పందం దరఖాస్తులు చూసే ప్రభుత్వ కార్యాలయానికి, దరఖాస్తు పెట్టి, గడువు ఆగిందనుకుని కూర్చుంటారు. ఆగదు. 12వ అధికరణంలోని ఏడాది, బిడ్డను తీసుకెళ్లిన రోజు నుంచి కోర్టులో కేసు వేసే రోజు వరకు లెక్క. అది దాటాక, బిడ్డ కొత్త చోట కుదురుకుందని తేలితే పంపకపోవచ్చు. బిడ్డను దాచిపెట్టినా ఆ ఏడాది పొడిగించలేమని అమెరికా సుప్రీంకోర్టు 2014లో చెప్పింది. ఇంతకీ నియమావళి గారూ, గట్టి ఏర్పాటు అంటే మీ లెక్కలో ఏది?

నియమావళి
బిడ్డ వెళ్లే దేశపు కోర్టులో ముందే పుట్టిన ఆర్డర్. దాన్నే మిర్రర్ ఆర్డర్ అంటారు. రెండు దేశాలూ 1996 హేగ్ ఒప్పందంలో (ఇది వేరే ఒప్పందం, పిల్లల రక్షణ గురించి) ఉంటే, బిడ్డ ఉన్న చోటి కోర్టు 11వ అధికరణం కింద అత్యవసర రక్షణ ఆర్డర్ ఇవ్వొచ్చు. అది అవతల చట్టరీత్యా చెల్లుతుంది, అక్కడి కోర్టు తన ఆర్డర్ ఇచ్చేదాకా నిలుస్తుంది. అమెరికా దానిపై సంతకం చేసింది గానీ ఆమోదించలేదు. అక్కడికి పంపాలంటే ఆ రాష్ట్రపు కోర్టులోనే ఆర్డర్ తెచ్చుకోవాలి. రెండు కోర్టుల జడ్జిలు హేగ్ జడ్జిల నెట్‌వర్క్ ద్వారా నేరుగా మాట్లాడుకునే వీలుంది. దాన్ని వాడమని లాయరే అడగాలి.

విమానం టికెట్ తేదీ వేసేముందు నాలుగు చేతికందాలి. వారంటు రద్దయినట్టు ప్రాసిక్యూటర్ రాతపూర్వక పత్రం. తల్లికి ఆ దేశంలో ఉండే, పని చేసుకునే వీసా. భర్త మీద ఆధారపడ్డ వీసా అయితే అది ఇంకా చెల్లుతుందో లేదో తేలాలి. ఆమె లేనప్పుడు తండ్రికి ఏకపక్షంగా కస్టడీ ఇచ్చిన ఆర్డర్ ఉంటే, దాని అమలు ఆపుతూ అక్కడి కోర్టు ఉత్తర్వు. అద్దె, ఖర్చుల డబ్బు మాటగా కాదు, ముందే లాయర్ ఖాతాలో జమ.

పాదచారి
ఈ నాలుగూ లేకుండా పంపమని నేనూ అనను.

గోరింట
నాలుగూ ఉన్నా, ఆర్డర్లు లెక్కచెయ్యనివాడి దగ్గరికి నేను పంపమనను. అక్కడ మాత్రం మనిద్దరికీ కుదరదు.