పెద్దమ్మ ఇచ్చిన జీపీఏ (తన తరఫున వ్యవహారాలు చూసేందుకు ఇచ్చే అధికార పత్రం) రద్దు చేయించాలి, ఎలా?

అందరికీ నమస్కారం. మా పెద్దమ్మకు 78 ఏళ్లు. తెనాలి దగ్గర పల్లెలో ఒక్కతే ఉంటుంది, పిల్లల్లేరు. రెండేళ్ల కిందట మోకాలి ఆపరేషన్ అయినప్పుడు, ఆఫీసుల చుట్టూ తిరగలేనని మా పెదనాన్న తమ్ముడి కొడుక్కి జీపీఏ రిజిస్టర్ చేసి ఇచ్చింది. కౌలు వసూలుకి, పాస్‌బుక్ పనులకి అనుకుని వేలిముద్ర వేసింది. మొన్న నకలు తీయించి చదివితే అందులో అమ్మే హక్కు కూడా ఉంది! ఏడాదిగా కౌలు డబ్బులు ఆమెకు చేరలేదు. అడిగితే "నేను చూసుకుంటాగా దొడ్డమ్మా" అంటాడు. పోయిన వారం ఎవరో వచ్చి పొలం చూసి వెళ్లారట.

ఈసీ (పొలం మీద రిజిస్టరైన లావాదేవీలు చూపే పత్రం) తీశాం, ఇంకా అమ్మకమేదీ కనబడలేదు. అతని దగ్గర పైసా తీసుకోలేదు కాబట్టి రద్దు చేసుకోవచ్చని డాక్యుమెంట్ రైటర్ అన్నాడు. అతను సంతకం పెట్టకపోయినా సబ్ రిజిస్ట్రార్ రద్దు పత్రం తీసుకుంటారా? లాయర్ నోటీసు, పేపర్ ప్రకటన ముందు ఇవ్వాలా, తర్వాతా? ముందే తెలిస్తే ఈలోగా అమ్మేస్తాడేమోనని టెన్షన్‌గా ఉంది. 2007 నాటి వృద్ధుల సంరక్షణ చట్టం కింద ఆర్డీవో దగ్గరికి వెళితే జీపీఏకి పనికొస్తుందా, అది గిఫ్టు డీడ్‌లకేనా?

పెద్దమ్మేమో పోలీసు కేసు మాత్రం వద్దంటోంది, వాడు తన చేతుల్లో పెరిగిన పిల్లాడట. ఇలాంటిది స్వయంగా చేయించినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి.