ప్యానెల్ మీద వీడియో చూశాక పిల్లలకు పాఠంలో ఏం మిగులుతోంది?

ప్రశ్న: భౌతికశాస్త్ర ఉపాధ్యాయిని, మంగళగిరి ప్రాంతం

నేను గుంటూరు జిల్లాలోని ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో భౌతికశాస్త్రం చెబుతున్నాను. ప్రభుత్వ బడులను బాగుచేసే నాడు-నేడు పథకం రెండో విడతలో మా తరగతి గదులకు ఇంటరాక్టివ్ ప్యానెళ్లు, అంటే వేలితో తాకి నడిపే పెద్ద తెరలు, వచ్చినప్పుడు అందరికన్నా ఎక్కువగా సంతోషించినదాన్ని నేనే. నల్లబల్ల మీద సుద్దముక్కతో బొమ్మ గీసి, అందులో లేని కదలికను పిల్లలను ఊహించుకోమనే బాధ తప్పుతుందని ఆశపడ్డాను.

గత నెలలో పదో తరగతికి విద్యుత్తు పాఠం మొదలుపెడుతూ పన్నెండు నిమిషాల వీడియో ఒకటి చూపించాను. చాలా చక్కగా తీసిన వీడియో అది, పిల్లలు కూడా కన్నార్పకుండా చూశారు. మర్నాడు ఒక సెల్, ఒక టార్చి బల్బు, ఒక తీగ బల్ల మీద పెట్టి, ఈ ఒక్క తీగతో బల్బును వెలిగించగలరా అని అడిగాను. ముప్పై ఎనిమిది మందిలో ప్రయత్నించడానికి లేచినవారు నలుగురే. మొదటి బెంచీలో కూర్చునే అమ్మాయిని నిన్న వీడియోలో ఏం చూశావమ్మా అని అడిగితే, "నీలం రంగు చుక్కలు గుండ్రంగా తిరిగాయి టీచర్" అంది. ఆ చుక్కలేమిటో, అవి ఎందుకు తిరిగాయో ఆ పిల్లకు తెలియలేదు. వీడియోలోని వ్యాఖ్యానం ఇంగ్లీషులో, చాలా వేగంగా సాగింది. మా పుస్తకాల్లో ఒక పేజీ ఇంగ్లీషు, ఎదురు పేజీ తెలుగు ఉంటాయి కాబట్టి పిల్లలు చదివేటప్పుడు రెండూ పోల్చి చూసుకోగలరు, వీడియోలో ఆ వెసులుబాటు లేదు.

ప్యానెల్‌ను పక్కన పెట్టేయాలని నాకు లేదు. దాన్ని ఎప్పుడు వాడాలో, ఎప్పుడు ఆపాలో అనుభవం ఉన్నవారు చెబితే నేర్చుకుంటాను.

జవాబు 1: విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు, విజయవాడ

అమ్మా, మీరు అడిగిన ప్రశ్న ప్యానెల్ కన్నా చాలా పాతది. విజయవాడ ఆకాశవాణి కేంద్రం 1948 డిసెంబరులో మొదలైంది. నా చిన్నతనంలో ఆ కేంద్రం నుంచి వచ్చే పాఠశాల కార్యక్రమాన్ని వినిపించడానికి మా మాస్టారు రేడియోను తన బల్ల మీద పెట్టేవారు. పెట్టే ముందు నల్లబల్ల మీద మూడు ప్రశ్నలు రాసి, జవాబులు పాఠంలో వస్తాయి, చెవి ఒగ్గి వినండి అనేవారు. కార్యక్రమం అయిన వెంటనే రేడియో కట్టేసి, ఆ ప్రశ్నల మీద మాతో మాట్లాడించేవారు. రేడియోలో విన్న పాఠాలు నాకు ఇప్పుడు గుర్తు లేవు కానీ, ఆ మూడు ప్రశ్నల కోసం ఒళ్లంతా చెవులు చేసుకుని కూర్చోవడం మాత్రం బాగా గుర్తుంది.

1975 ఆగస్టు నుంచి ఏడాది పాటు ఉపగ్రహం ద్వారా ఆరు రాష్ట్రాల్లో సుమారు 2400 గ్రామాలకు టీవీ కార్యక్రమాలు అందించిన సైట్ ప్రయోగంలో మన రాష్ట్రం కూడా ఉంది, బడి పిల్లలకు తెలుగులో పాఠాలు వచ్చాయి. కరోనా రోజుల్లో దూరదర్శన్ సప్తగిరిలో పాఠాలు ప్రసారమైనప్పుడు మళ్లీ అదే చూశాను. ఇంట్లో ఎవరైనా పక్కన కూర్చుని అడిగే పిల్లలకు అవి ఉపయోగపడ్డాయి, ఒంటరిగా చూసినవారికి టీవీ కట్టేసేసరికి ఏమీ మిగలలేదు. మీ తరగతిలో వీడియోకు ముందు ప్రశ్న లేదు, తర్వాతి ప్రశ్న మర్నాటికి గానీ రాలేదు. లోపం అక్కడే ఉందని నా నమ్మకం.

జవాబు 2: భౌతికశాస్త్ర స్కూల్ అసిస్టెంట్, ఇబ్రహీంపట్నం

మేడమ్, మాస్టారు చెప్పినదానితో నేను పూర్తిగా ఏకీభవిస్తాను. ఒక్క మాట మాత్రం చేరుస్తాను: చేత్తో చేయగలిగినదాన్ని తెర మీద చూపించకూడదు. బల్బు వెలిగించడం చేత్తో అయ్యే పని. తీగ లోపల జరిగేది కంటికి కనిపించదు కాబట్టి తెర అవసరం అక్కడే పడుతుంది. మీరు వీడియో ముందు చూపించి, సెల్‌ను మర్నాడు తెచ్చారు. నేనైతే ఆ వరుసను తిరగేస్తాను.

మా బడిలో ముగ్గురేసి పిల్లలకు ఒక సెల్, ఒక టార్చి బల్బు, ఒక తీగ ముక్క ఇచ్చి పది నిమిషాలు వదిలేస్తాను. తీగ ఒక కొనను సెల్ అడుగుకు ఆనించి, రెండో కొనను బల్బు లోహపు మెడకు చుట్టి, బల్బు కింది బొడిపెను సెల్ మీది బొడిపెకు తాకించడం లాంటి అమరిక కుదిరే వరకు అది వెలగదు. బల్బుకు రెండు తాకే చోట్లు ఉన్నాయని ఆ వెతుకులాటలోనే వారికి తెలుస్తుంది. అప్పుడు కొలరాడో విశ్వవిద్యాలయం వారి ఫెట్ సిమ్యులేషన్లలో, అంటే తెర మీద మనమే నడిపి చూసే ప్రయోగ నమూనాల్లో, విద్యుత్ వలయాలు కట్టే దాన్ని ప్యానెల్ మీద తెరుస్తాను. అది ఉచితం. ముందుగా దింపి పెన్‌డ్రైవ్‌లో పెట్టుకుంటే బడిలో నెట్ లేకపోయినా నడుస్తుంది. ఫెట్‌లో చాలావాటికి తెలుగు అనువాదాలు కూడా ఉన్నాయి.

స్విచ్ వేసే ముందు ఆపి, ఇప్పుడు ఏం జరుగుతుందో నోటుపుస్తకంలో ఒక్క వాక్యం రాయమంటాను. రాయకుండా ఎవరినీ చూడనివ్వను. ఆ తర్వాత ఒక పిల్లవాడిని పిలిచి అతని చేతనే స్విచ్ వేయిస్తాను. ప్యానెల్ మీద రాసే పెన్ను (స్టైలస్) నా చేతిలో ఉన్నంతసేపు అది నా పాఠంగానే ఉంటుంది. సెల్ రెండు కొనలను నేరుగా తీగతో కలిపితే ఆ సిమ్యులేషన్‌లో మంటలు కనిపిస్తాయి. నిజం సెల్‌తో చేయించకూడని ఆ పనిని అక్కడ నిర్భయంగా చేయించవచ్చు. మరో జాగ్రత్త ఏమిటంటే, ఎలక్ట్రాన్లు కదిలే దిశకు, పుస్తకంలో బాణం గుర్తుతో చూపే విద్యుత్ దిశ వ్యతిరేకం. అందులో రెండింటినీ మార్చి మార్చి చూపే వీలుంది, ఆ తేడాను మీరే నోటితో చెప్పాలి.

వీడియో తప్పనిసరి అనుకుంటే ధ్వని తీసేసి, రెండు మూడు నిమిషాల ముక్కలుగా ఆపుతూ, వ్యాఖ్యానం మీరే తెలుగులో చెప్పండి. సాంకేతిక పదాన్ని మాత్రం ఇంగ్లీషులోనూ పలికించి రాయించండి. పుస్తకంలోని క్యూఆర్ కోడ్‌తో దీక్ష అనే ప్రభుత్వ ఆన్‌లైన్ పాఠాల వేదికలో తెరుచుకునే వీడియోలకైనా ఇదే వర్తిస్తుంది. కరెంటు పోయినా పాఠం ఆగకుండా ఆ బొమ్మను ఒక చార్టు మీద గీసి పెట్టుకోవడం నా అలవాటు.

జవాబు 3: ఒక తల్లి, గుంటూరు

నేను ఉపాధ్యాయురాలిని కాను, మా ఇద్దరు పిల్లలూ ప్రభుత్వ పాఠశాలలోనే చదువుతున్నారు. బడి గ్రూపులో వీడియో లింకు పెట్టి ఇంటి దగ్గర చూసి రమ్మంటే, ఇంట్లో ఉన్న ఒక్క ఫోను రాత్రి వాళ్ల నాన్న పని నుంచి వచ్చాక గానీ పిల్లల చేతికి రాదు. ఆ వీడియో చూడనివారు మర్నాడు తరగతిలో తల వంచుకుని కూర్చోవాల్సి వస్తోంది. దయచేసి చూపించేది బడిలోనే చూపించండి, ఇంటికి ప్రశ్న మాత్రమే పంపండి. ప్రశ్నకైతే ఫోను అక్కర్లేదు.

ప్రశ్న అడిగిన ఉపాధ్యాయిని

అందరికీ కృతజ్ఞతలు. అమ్మగారూ, మీ మాట చదివాక లింకులు పంపడం మానేశాను.

పాఠాన్ని గురువారం మళ్లీ మొదటి నుంచి చెప్పాను. సెల్, బల్బు, తీగ ముందు ఇచ్చాను. మూడో నిమిషంలో ఆఖరి బెంచీలో మొదటి బల్బు వెలిగింది. ప్యానెల్ మీద సిమ్యులేషన్ తెరిచాక, అదే నీలం చుక్కల అమ్మాయి లేచి, "చుక్కలు ఇంత నెమ్మదిగా కదులుతుంటే, స్విచ్ వేయగానే బల్బు ఎలా వెలుగుతుంది టీచర్?" అని అడిగింది. పదిహేనేళ్ల సర్వీసులో నన్ను ఈ ప్రశ్న అడిగిన మొదటి విద్యార్థి ఆ అమ్మాయే. తీగలో ఎలక్ట్రాన్లు నిజంగానే చాలా నెమ్మదిగా, సాధారణంగా సెకనుకు ఒక మిల్లీమీటరైనా జరగవని, అయితే అవి తీగ పొడవునా ముందే ఉంటాయి కాబట్టి స్విచ్ వేయగానే అన్నిచోట్లా దాదాపు ఒకేసారి కదలడం మొదలుపెడతాయని చెప్పాను. నీళ్లు నిండి ఉన్న పైపుకు కుళాయి తిప్పగానే నీరు వస్తుంది, ఖాళీ పైపుకైతే ఆగాలి అని పోలిక చెప్పేసరికి గంట కొట్టారు. మిగతాది రేపు అడుగుతానని రాసుకుని వెళ్లింది.

ఓమ్ నియమానికి కూడా ఇదే వరుసలో వెళ్లాలని ఉంది. మా బడిలో కరెంటును కొలిచే అమ్మీటర్ పనిచేసేది ఒక్కటే ఉంది. ముప్పై ఎనిమిది మందికి దాన్ని ఎలా సర్దాలో ఇబ్రహీంపట్నం మాస్టారు చెప్పగలరా?