లోకల్‌లో ఆడుతోంది, సర్వర్‌లో తెల్లపేజీ: పీహెచ్‌పీ కొత్తవాళ్ల తిప్పలు

తెల్లపేజీ:
అందరికీ నమస్కారం. వెబ్‌సైట్లు రాసే భాష పీహెచ్‌పీ మొదలుపెట్టి రెండు నెలలైంది. చిన్న లాగిన్ పేజీ రాశాను. నా కంప్యూటర్లో బ్రహ్మాండంగా పనిచేస్తోంది. హోస్టింగ్‌లోకి ఎక్కించాక లాగిన్ బటన్ నొక్కితే తెల్లటి పేజీ వస్తోంది. ఎర్రర్ లేదు, ఏమీ లేదు. కోడ్‌లో ఒక్క అక్షరం కూడా మార్చలేదు. వాళ్ల సర్వర్లో పీహెచ్‌పీ పాడైందంటారా?

పాతకాపు:
పాడవలేదండీ, దాని నోరు కట్టేశారంతే. లైవ్ సర్వర్లో డిస్‌ప్లే_ఎర్రర్స్ ఆఫ్‌లో ఉంటుంది, ఉండాలి కూడా. ఎర్రర్ పేజీ మీదకి రాదు, లాగ్ ఫైల్‌లోకి పోతుంది. హోస్టింగ్ ప్యానెల్లో ఎర్రర్_లాగ్ అనే ఫైల్ ఎక్కడుందో వెతికి, చివరి పది లైన్లు ఇక్కడ పెట్టండి. అది చూడకుండా మేం ఏం చెప్పినా సోదే.

సెమికోలన్:
లాగ్ దొరక్కపోతే ఫైల్ మొదట్లో ఇని_సెట్‌తో డిస్‌ప్లే_ఎర్రర్స్ 1 చేసి, ఎర్రర్_రిపోర్టింగ్‌కి ఈ_ఆల్ (అంటే అన్ని ఎర్రర్లూ) ఇవ్వండి. పని అయ్యాక తీసేయడం మర్చిపోకండి.

పాతకాపు:
అందులో ఒక మెలిక ఉంది. ఆ ఫైల్‌లోనే సెమికోలనో బ్రాకెటో తప్పిపోయిన సింటాక్స్ ఎర్రర్ ఉంటే ఆ రెండు లైన్లూ అసలు నడవవు. పీహెచ్‌పీ ముందు ఫైల్ మొత్తం చదివి, తర్వాతే నడుపుతుంది. చదవడంలోనే పడిపోతే మీ ఇని_సెట్ దాకా ఎవరొస్తారు? అలాంటప్పుడు టెర్మినల్లో పీహెచ్‌పీ కమాండ్‌కి "-ఎల్" తగిలించి ఫైల్ పేరు ఇస్తే, తప్పున్న లైన్ నంబర్ చెబుతుంది. ఇంకోటి, 40వ లైన్ అని చెబితే 39 కూడా చూడండి. సెమికోలన్ మర్చిపోయిన పాపం ఎప్పుడూ కింది లైన్ మీదే పడుతుంది.

తెల్లపేజీ:
లాగ్ దొరికింది! "కెనాట్ మాడిఫై హెడర్ ఇన్ఫర్మేషన్, హెడర్స్ ఆల్‌రెడీ సెంట్" అని ఉంది. లాగిన్ ఫైల్‌లో 22వ లైన్ అంటోంది. అక్కడ డాష్‌బోర్డ్‌కి పంపే హెడర్ లొకేషన్, దాని కింద ఎగ్జిట్ ఉన్నాయి. పొద్దున్నుంచి ఆ లైన్‌ని పదిరకాలుగా మార్చి రాశాను. ఏం లాభం లేదు.

అర్ధరాత్రి_డీబగ్:
22వ లైన్‌ని వదిలేయండి పాపం, దాని తప్పేం లేదు. ఆ మెసేజ్‌లోనే బ్రాకెట్లలో "ఔట్‌పుట్ స్టార్టెడ్ ఎట్" అని ఇంకో ఫైల్ పేరు, లైన్ నంబర్ ఉంటాయి. మీకు కావలసింది అదీ.

సంగతేంటంటే, బ్రౌజర్‌కి ముందు హెడర్లు (పేజీ గురించి సర్వర్ చెప్పే ముందుమాటలు) వెళ్లాలి, తర్వాతే పేజీ. పేజీలో ఒక్క ఖాళీ అక్షరం బయటికి పోయినా హెడర్ల పని ముగిసినట్టే. కవరు అంటించి పోస్టు చేశాక అడ్రసు మార్చలేం కదా. రీడైరెక్ట్, కుకీ, సెషన్_స్టార్ట్ (లాగిన్‌ని గుర్తుంచుకునే సెషన్‌ని తెరిచేది) మూడూ హెడర్ల మీద ఆధారపడినవే కాబట్టి మూడూ ఇక్కడే పడతాయి.

తెల్లపేజీ:
ఔట్‌పుట్ స్టార్టెడ్ ఎట్ కాన్ఫిగ్ ఫైల్, లైన్ 1 అంటోంది. కానీ లైన్ 1లో పీహెచ్‌పీ మొదలుపెట్టే ట్యాగ్ తప్ప ఏమీ లేదు! దాని ముందు స్పేస్ కూడా లేదు, కర్సర్ పెట్టి మరీ చూశాను.

అర్ధరాత్రి_డీబగ్:
కంటికి కనపడనిది ఉంది. బామ్. యూటీఎఫ్-8 (అక్షరాల్ని బైట్లుగా దాచే పద్ధతి) ఫైల్ మొదట్లో కొన్ని ఎడిటర్లు మూడు బైట్ల గుర్తు పెడతాయి. మీరు ఆ ఫైల్‌ని పాత నోట్‌ప్యాడ్‌లో తెరిచి సేవ్ చేశారా?

తెల్లపేజీ:
హోస్టింగ్ డేటాబేస్ పాస్‌వర్డ్ మార్చడానికి తెరిచాను... కోడ్ మార్చలేదని అందుకే అన్నాను.

అర్ధరాత్రి_డీబగ్:
హహ. మంచి ఎడిటర్లో తెరిచి, ఎన్‌కోడింగ్ "యూటీఎఫ్-8 వితౌట్ బామ్" చేసి సేవ్ చేయండి. నేను మొదటిసారి దీనికి రెండు రాత్రులు బలయ్యాను. ఫైల్ మొత్తం చెరిపి మళ్లీ టైప్ చేశాను కూడా, అదే నోట్‌ప్యాడ్‌లో!

సున్నాశూన్యం:
ఇంత రామాయణం ఎందుకండీ, లాగిన్ ఫైల్ పైన ఓబీ_స్టార్ట్ అని ఒక్క లైన్ పెడితే పోతుంది కదా. నేనెప్పుడూ అదే చేస్తా.

పాతకాపు:
పోదు, దాక్కుంటుంది. ఓబీ_స్టార్ట్ ఔట్‌పుట్‌ని కాసేపు పట్టి ఉంచుతుందంతే. ఆ మూడు బైట్లు చివరికి బయటికి వెళ్తాయి. నేనూ మీలాగే చేసేవాణ్ణి. ఒకసారి పీహెచ్‌పీతో పీఎన్‌జీ బొమ్మ పంపే స్క్రిప్ట్ రాస్తే బొమ్మ విరిగిపోయి కనపడింది. బొమ్మ ముందు మూడు బైట్లు ఎక్కువ ఉంటే బ్రౌజర్ దాన్ని పీఎన్‌జీ అని ఎలా గుర్తుపడుతుంది?

అసలు "లోకల్‌లో పనిచేస్తుంది, సర్వర్లో చేయదు" అన్న రోగానికి సగం కారణం కూడా ఇదే. డెవలప్‌మెంట్ కోసం ఇచ్చే పీహెచ్‌పీ ఇని (సెట్టింగ్స్) ఫైల్‌లో ఔట్‌పుట్_బఫరింగ్ 4096 అని పెట్టి ఉంటుంది. అంటే మీకు తెలియకుండానే ఓబీ_స్టార్ట్ నడుస్తున్నట్టు. సర్వర్లో అది ఆఫ్ అయితే అక్కడ గుట్టు రట్టవుతుంది. లోకల్లో దాన్ని సున్నా చేసి పెట్టుకోండి, తప్పులు ఇంట్లోనే బయటపడతాయి.

సెమికోలన్:
ఫైల్ చివర ?> కూడా చూసుకోండి. దాని తర్వాత ఖాళీ లైన్లు రెండు ఉన్నా ఇదే గొడవ. ఫైల్ మొత్తం పీహెచ్‌పీయే అయితే ఆ ముగింపు ట్యాగ్ రాయకపోవడమే మేలు. పీహెచ్‌పీ కోడ్ ఎలా రాయాలో చెప్పే పీఎస్‌ఆర్-12 నియమాలు కూడా అదే చెబుతాయి.

కిటికీలోంచి:
హెడర్ లొకేషన్ కింద ఎగ్జిట్ రాశారు చూడండి, దానికి మీకు దండం పెట్టాలి. నేను రాయలేదు. అడ్మిన్ పేజీ పైన "లాగిన్ కాకపోతే లాగిన్ పేజీకి పంపు" అని హెడర్ పెట్టి ఊరుకున్నాను. బ్రౌజర్లో చక్కగా పంపేది, నేనూ నిశ్చింతగా ఉన్నా. ఒక మిత్రుడు కర్ల్‌తో (బ్రౌజర్ లేకుండా పేజీ తెప్పించే టూల్) ఆ అడ్రస్ అడిగితే యూజర్ల జాబితా మొత్తం వచ్చేసింది. హెడర్ అనేది బ్రౌజర్‌కి చెప్పే మాట, పీహెచ్‌పీని ఆపే మాట కాదు. కింది కోడ్ అంతా నడుస్తూనే ఉంటుంది.

తెల్లపేజీ:
బామ్ తీసేశాను, తెల్లపేజీ పోయింది!! అందరికీ థాంక్స్. కానీ ఇప్పుడు సరైన పాస్‌వర్డ్ ఇచ్చినా "తప్పు పాస్‌వర్డ్" అంటోంది. పాస్‌వర్డ్_హ్యాష్‌తో సేవ్ చేసి, పాస్‌వర్డ్_వెరిఫైతో పోలుస్తున్నాను. సర్వర్లో కొత్తగా అకౌంట్ చేసినా అంతే.

పాతకాపు:
టేబుల్లో ఆ కాలమ్ పొడవెంత?

తెల్లపేజీ:
వార్‌చార్ 50. ఎవరు పెడతారండీ 50 అక్షరాల పాస్‌వర్డ్ అనుకున్నాను. లోకల్లో టేబుల్ వేరేగా చేశాను, అక్కడ 100.

పాతకాపు:
దాచేది పాస్‌వర్డ్ కాదు, హ్యాష్, అంటే పాస్‌వర్డ్ నుంచి తయారయ్యే గజిబిజి అక్షరాల వరస. బీక్రిప్ట్ పద్ధతిలో చేసిన హ్యాష్ సరిగ్గా 60 అక్షరాలు. మైఎస్‌క్యూఎల్ డేటాబేస్ స్ట్రిక్ట్ మోడ్‌లో ఉంటే ఎర్రర్ ఇచ్చేది. మీ సర్వర్లో ఆ మోడ్ లేనట్టుంది, చివరి పది అక్షరాలు కత్తిరించి చప్పుడు చేయకుండా దాచేసింది. కాలమ్‌ని 255 చేయండి, ముందు ముందు హ్యాషింగ్ పద్ధతి మారినా సరిపోతుంది. పాత అకౌంట్లకి పాస్‌వర్డ్ మళ్లీ పెట్టించాల్సిందే, తెగిన తోక తిరిగి రాదు.

అర్ధరాత్రి_డీబగ్:
దీనికి తమ్ముడు లాంటిది ఇంకోటి. పరీక్షించడానికని హ్యాష్‌ని కాపీ చేసి కోడ్‌లో డబుల్ కోట్స్ మధ్య అతికించాను. వెరిఫై ఫెయిల్. హ్యాష్‌లో $ గుర్తులు ఉంటాయి కదా, డబుల్ కోట్స్‌లో $ తర్వాత అక్షరం వస్తే పీహెచ్‌పీ దాన్ని వేరియబుల్ అనుకుని ఖాళీ చేసేస్తుంది. సింగిల్ కోట్స్ పెడితే కుదిరింది.

గుణింతం:
ఈ చర్చలోనే అడిగేస్తా, ఏమనుకోవద్దు. ఫామ్‌లో తెలుగులో రాసి సేవ్ చేస్తే డేటాబేస్‌లో అన్నీ ప్రశ్నార్థకాలే. పేజీలో మెటా చార్‌సెట్ యూటీఎఫ్-8 ఉంది, టేబుల్‌కీ ఉంది.

పాతకాపు:
మధ్యలో వంతెన ఉంది కదా, కనెక్షన్. డేటాబేస్‌కి పీడీఓతో కలుపుతుంటే డీఎస్ఎన్‌లో (కనెక్షన్ వివరాల లైన్) చార్‌సెట్ యూటీఎఫ్8ఎంబీ4 అని రాయండి. మైఎస్‌క్యూఎల్ఐ అయితే సెట్_చార్‌సెట్. యాక్సెంట్లున్న పిచ్చి లాటిన్ అక్షరాలు కనిపిస్తే తరచుగా వెనక్కి తేవచ్చు. ప్రశ్నార్థకాలుగా దాచినవి మాత్రం పోయినట్టే.

సున్నాశూన్యం:
మైఎస్‌క్యూఎల్లో ఉత్త యూటీఎఫ్8 తెలుగుకి చాలదా? నాకు బానే నడుస్తోందే.

పాతకాపు:
తెలుగుకి చాలుతుంది. అది ఒక్కో అక్షరానికి మూడు బైట్ల దాకా పడుతుంది, తెలుగు గుర్తు ఒక్కోటి మూడు బైట్లే. ఎవరైనా ఒక ఎమోజీ పెట్టారంటే నాలుగు బైట్లు కావాలి, అప్పుడు తెలుస్తుంది.

గుణింతం:
వచ్చేసింది! ఇప్పుడు "తెలుగు" అన్న మాట పొడవు అడిగితే స్ట్ర్‌లెన్ 18 అంటోంది. 😀 ఇదేం లెక్క?

సెమికోలన్:
అది బైట్ల లెక్క. ఎంబీ_స్ట్ర్‌లెన్ అడిగితే 6 అంటుంది, గుణింతం గుర్తుల్ని విడిగా లెక్కపెడుతుంది. ఇంటల్ ఎక్స్‌టెన్షన్‌లోని గ్రాఫీమ్_స్ట్ర్‌లెన్ 3 అంటుంది, మన కంటికి కనిపించే లెక్క అది. మామూలు సబ్‌స్టర్‌తో తెలుగు వాక్యం కోస్తే చివరి అక్షరం మధ్యకి తెగి చెత్త గుర్తు రావచ్చు. ఎంబీ_సబ్‌స్టర్ వాడినా "తె"లో ఎత్వం ఊడిపోవచ్చు. జాగ్రత్త.

కిటికీలోంచి:
నా వంతు ఒకటి: ఫామ్ సబ్మిట్ చేస్తే, అందులో నింపినవి చేరాల్సిన $_పోస్ట్ మొత్తం ఖాళీ. ఇన్‌పుట్లకి నేమ్ మర్చిపోయానేమో అని (ఐడీ ఒక్కటే రాస్తే రాదు, అదీ ఒకసారి అనుభవమే) పదిసార్లు చూశాను. తీరా చూస్తే జత చేసిన ఫొటో 11 ఎంబీ. పోస్ట్_మ్యాక్స్_సైజ్ మామూలుగా 8 ఎంబీ. అది దాటితే ఫొటోతో పాటు పేరు, ఊరు, అన్నీ పారేస్తుంది. అప్‌లోడ్_మ్యాక్స్_ఫైల్‌సైజ్ ఇంకా తక్కువ, 2 ఎంబీ. రెండూ పెంచాను, అయినా మారలేదు! టెర్మినల్ వాడే ఇని ఫైల్ వేరు, వెబ్ సర్వర్ అపాచీ వాడేది వేరు, నేను మార్చింది మొదటిది. పీహెచ్‌పీఇన్ఫో పేజీలో "లోడెడ్ కాన్ఫిగరేషన్ ఫైల్" అన్న వరసలో ఏది ఉంటే అదే మార్చి, అపాచీని రీస్టార్ట్ చేయాలి.

తెల్లపేజీ:
కాలమ్ 255 చేశాను, లాగిన్ అయింది! ఇప్పుడు లాగౌట్ అవ్వట్లేదు. లాగౌట్ ఫైల్‌లో ఉన్నది ఒక్క సెషన్_డిస్ట్రాయ్ లైనే, అందులో తప్పేముంటుంది?

అర్ధరాత్రి_డీబగ్:
దానికంటే ముందు సెషన్_స్టార్ట్ ఉందా? తెరవని సెషన్‌ని అది మూయలేదు. లాగ్‌లో వార్నింగ్ వచ్చే ఉంటుంది, చూడండి.

తెల్లపేజీ:
ఉంది. లాగ్‌లో, వార్నింగ్ 🙂