పీఏ కోర్సుకి లోన్ తగ్గించేశారు, ప్రభుత్వానికి కామెంట్ రాస్తే ఎవరైనా చదువుతారా?

డాలస్_నాన్న

అందరికీ నమస్కారం. ఇన్నేళ్ళూ ఇక్కడ చదవడమే గానీ రాయడం ఇదే మొదటిసారి, తప్పులుంటే ఏమనుకోకండి.

మేము 2009లో అమెరికా వచ్చాం, మా అమ్మాయికి అప్పుడు ఆరేళ్ళు. ఇప్పుడు అందరికీ గ్రీన్ కార్డులు ఉన్నాయి. తను బయాలజీ డిగ్రీ చేసి, రెండేళ్ళు క్లినిక్‌లో మెడికల్ అసిస్టెంట్‌గా పనిచేసి, 2026 ఆగస్టులో మొదలయ్యే ఫిజీషియన్ అసిస్టెంట్ (పీఏ, అంటే డాక్టరుతో కలిసి పేషెంట్లని చూసేవాళ్ళు) ప్రోగ్రామ్‌లో సీటు తెచ్చుకుంది. ఇరవై ఏడు నెలల కోర్సు, ట్యూషనే ఏడాదికి 55 వేల డాలర్ల దాకా. గ్రాడ్యుయేట్ కోర్సులకి ప్రభుత్వం ఇచ్చే గ్రాడ్ ప్లస్ లోన్ తీసుకుంటే సరిపోతుందని ధీమాగా ఉన్నాం. తీరా చూస్తే 2026 జులై 1 నుంచి కొత్తవాళ్ళకి గ్రాడ్ ప్లస్సే లేదట, పీఏ "ప్రొఫెషనల్" కోర్సుల లిస్టులో లేదు కాబట్టి ఏడాదికి 20,500 డాలర్లకి మించి ఇవ్వరట. పోనీ నేనే పేరెంట్ ప్లస్ (తల్లిదండ్రులకిచ్చే ప్రభుత్వ లోన్) తీసుకుందామా అనుకుంటున్నాను.

ఈ రూల్ ఇంకా ఫైనల్ కాలేదని, ఎవరైనా ప్రభుత్వానికి కామెంట్ రాయొచ్చని ఆఫీసులో ఒకాయన చెప్పారు. గడువు 2026 మార్చి 2, ఇంకా కొద్ది రోజులే ఉంది. నా అనుమానాలు ఇవి. సిటిజన్ కాని నేను రాయొచ్చా? రాస్తే తర్వాత ఇమిగ్రేషన్‌లో ఏమైనా తగులుకుంటుందా? అసలు అక్కడ ఎవరైనా చదువుతారా, లేక గోడకి చెప్పుకున్నట్టేనా? మా ఆవిడైతే "వాళ్ళు ఎప్పుడో నిర్ణయించేసుంటారు, నువ్వు నిద్ర పాడుచేసుకోకు" అంటోంది.

ఎయిడ్_ఆఫీసు_అక్క

నేను ఒక స్టేట్ యూనివర్సిటీలో ఫైనాన్షియల్ ఎయిడ్ ఆఫీసులో పద్నాలుగేళ్ళుగా పనిచేస్తున్నాను. ఈ మధ్య రోజుకి నలుగురైదుగురు తల్లిదండ్రులు ఇదే అడుగుతున్నారు కాబట్టి కాస్త వివరంగా రాస్తాను, ఓపిగ్గా చదవండి.

ముందు పేరెంట్ ప్లస్ సంగతి. అది అండర్‌గ్రాడ్ చదివే పిల్లల తల్లిదండ్రులకే, పీఏ లాంటి గ్రాడ్యుయేట్ కోర్సుకి రాదు. ఆ ఆలోచన మానేయండి. పైగా దానికి కూడా ఇప్పుడు ఒక్కో పిల్లకి ఏడాదికి 20 వేలు, మొత్తం మీద 65 వేల పరిమితి పెట్టారు.

మీ మొదటి ప్రశ్నకి జవాబు చిన్నదే. కామెంట్ ఎవరైనా రాయొచ్చు, సిటిజన్ అవ్వాల్సిన పని లేదు, పేరు చెప్పకుండా కూడా రాయొచ్చు. కానీ రాసింది రెగ్యులేషన్స్ డాట్ గవ్ అనే సైట్‌లో లోకమంతా చూసేలా ఉంటుంది కాబట్టి సోషల్ సెక్యూరిటీ నంబరు, గ్రీన్ కార్డు మీదుండే ఏ-నంబరు (A-Number), అమ్మాయి అడ్మిషన్ లెటర్ లాంటివి పెట్టకండి. ఒకావిడ పాపం కంగారులో ట్యాక్స్ రిటర్న్ మొత్తం అప్‌లోడ్ చేయబోయింది, నేనే ఆపాను.

ఇక అసలు విషయం. దీంట్లో రెండున్నాయి, కాంగ్రెస్ చేసే చట్టం వేరు, దాన్నిబట్టి ఎడ్యుకేషన్ డిపార్ట్‌మెంట్ రాసే రూల్ వేరు. 2025 జులై 4న సంతకమైన పెద్ద చట్టంలోనే గ్రాడ్ ప్లస్ రద్దు ఉంది, మామూలు గ్రాడ్యుయేట్ కోర్సులకి ఏడాదికి 20,500, మొత్తం లక్ష, ప్రొఫెషనల్ కోర్సులకి ఏడాదికి 50 వేలు, మొత్తం రెండు లక్షలు అని కూడా అందులోనే రాసేశారు. ఇవి మార్చే అధికారం ఎడ్యుకేషన్ డిపార్ట్‌మెంట్‌కి లేదు, మీరు వెయ్యి కామెంట్లు రాసినా వాళ్ళు "ఇది చట్టంలో ఉంది, మా చేతుల్లో లేదు" అని ఒక్క వాక్యంలో తేల్చేస్తారు. కానీ ఏ కోర్సుని ప్రొఫెషనల్ అనాలి అన్న లిస్టు మాత్రం రూల్‌లో పెడుతున్నారు. మీ అమ్మాయి 20,500 వైపు పడుతుందా 50 వేల వైపు పడుతుందా అన్నది తేలేది అక్కడే. అందుకని "లోన్లు తగ్గించకండి, మా పిల్ల ఏమైపోవాలి" అని రాస్తే లాభం లేదు, "పీఏని ఈ నిర్వచనంలోకి ఎందుకు తీసుకోవాలి" అని రాయండి.

దానికి మంచి ఆధారమే ఉంది. ప్రొఫెషనల్ డిగ్రీ అంటే ఏమిటో పాత రూల్‌లోనే రాసి ఉంది: ఆ వృత్తి మొదలుపెట్టడానికి కావాల్సిన చదువు పూర్తవ్వాలి, బ్యాచిలర్స్ డిగ్రీని మించిన నైపుణ్యం ఉండాలి, మామూలుగా లైసెన్సు కూడా అవసరమై ఉండాలి. తర్వాత ఉదాహరణలుగా ఫార్మసీ, డెంటల్, వెటర్నరీ, కైరోప్రాక్టిక్, లా, మెడిసిన్, ఆప్టోమెట్రీ, ఆస్టియోపతీ, పోడియాట్రీ, థియాలజీ అని పది ఇచ్చారు. "ఇవి మాత్రమే కాదు" అన్న మాట కూడా అక్కడే ఉంది! కొత్త చట్టం ఆ పాత నిర్వచనాన్నే చూపిస్తుంది. డిపార్ట్‌మెంట్ ఇప్పుడు క్లినికల్ సైకాలజీ ఒక్కటి చేర్చి పదకొండు చేసి తలుపు వేసేస్తోంది. పీఏ, నర్సింగ్, ఫిజికల్ థెరపీ, ఆక్యుపేషనల్ థెరపీ అన్నీ బయటే. లైసెన్సు లేకుండా పీఏ పనిచేయగలరా? లేరు కదా. ఆ ముక్క రాయండి.

మీ ఆవిడ అన్నదాంట్లో సగం నిజం ఉంది. ఫెడరల్ ఎయిడ్ రూల్స్‌కి మిగతా శాఖల్లో మామూలుగా తప్పనిసరి కాని ఒక తతంగం ఉంది, నెగోషియేటెడ్ రూల్‌మేకింగ్ అంటారు. డ్రాఫ్ట్ బయటికి రాకముందే కాలేజీలు, విద్యార్థులు, లోన్ తీసుకున్నవాళ్ళు, రాష్ట్రాలు, లోన్ వసూళ్ళు చూసే కంపెనీలు (సర్వీసర్లు), ఇలా ఒక్కో వర్గం నుంచి ఒకరిని ఒక బల్ల చుట్టూ కూర్చోబెట్టి ఒక్కో మాటా చదువుతూ బేరమాడతారు. బొటనవేలు పైకా, పక్కకా, కిందకా అని చూపించాలి, ఒక్కరు కిందకి చూపించినా ఏకాభిప్రాయం లేనట్టే. అందరూ ఒప్పుకుంటే మాత్రం డిపార్ట్‌మెంట్ ఆ మాటలనే డ్రాఫ్ట్‌లో పెట్టాలి. ఈ లోన్ రూల్స్ మీద కూర్చున్న కమిటీ 2025 నవంబరులో ఒప్పేసుకుంది. ఒప్పుకున్నవాళ్ళు ఆ తర్వాత దానికి వ్యతిరేకంగా కామెంట్ రాయకూడదని షరతు కూడా ఉంటుంది. అంటే ఇప్పుడు గట్టిగా మాట్లాడాల్సింది ఆ బల్ల దగ్గర లేనివాళ్ళే, మీలాంటి వాళ్ళు.

పల్నాడు_టు_ఒహాయో

అక్క చెప్పిందంతా కాగితం మీద బాగానే ఉంది. నా అనుభవం కూడా వినండి. 2023లో సేవ్ ప్లాన్ (ఆదాయాన్నిబట్టి లోన్ కట్టే పద్ధతి) డ్రాఫ్ట్ వచ్చినప్పుడు నేను ఓ ఆదివారం మొత్తం కూర్చుని రెండు పేజీల కామెంట్ రాశాను, నా జీతం, పిల్లలు, వడ్డీ అసలుని ఎలా మింగేస్తోందో అన్నీ లెక్కలతో సహా. జులైలో ఫైనల్ రూల్ వచ్చింది, వడ్డీ పెరగకుండా చేశారు, నా కామెంట్ వల్లే అన్నట్టు ఇంట్లో పాయసం చేయించాను. ఏడాది తిరక్కుండా కోర్టు ఆపేసింది. తర్వాత కట్టక్కర్లేదన్నారు, కానీ ఆ నెలలు మాఫీ లెక్కలోకి రావు, నెలల తరబడి త్రిశంకు స్వర్గం. 2025 ఆగస్టు 1 నుంచి వడ్డీ మళ్ళీ మొదలు. 2024 ఏప్రిల్‌లో ఇంకో లోన్ మాఫీ డ్రాఫ్ట్ పెట్టారు, దానికీ జనం వేలకు వేలు కామెంట్లు రాశారు, డిసెంబరులో దాన్ని వెనక్కి తీసేసుకున్నారు. ఆ కామెంట్లన్నీ ఏ గంగలో కలిశాయి?

అందుకే డాలస్ నాన్నగారూ, రాయండి, కాదనను. కానీ అది వస్తుందని నమ్ముకుని సీటు డిపాజిట్ కట్టకండి.

ఎయిడ్_ఆఫీసు_అక్క

ఆ చివరి మాట వంద శాతం నిజం, నేనూ అదే చెప్తాను. మూడు అకడమిక్ ఇయర్లుగా లెక్కేసినా 61,500 డాలర్లకి మించి ఫెడరల్ లోన్ రాదనుకునే ప్లాన్ చేసుకోండి.

కానీ తమ్ముడూ, కామెంట్ అంటే ఓటు కాదు. ఎన్ని వచ్చాయని లెక్కపెట్టి గెలుపోటములు చెప్పరు. ఒకే లెటర్‌ని పేరు మార్చి పదివేల మంది పంపితే అదంతా ఒక కామెంట్ కిందే లెక్క. కొత్త విషయం చెప్పిన కామెంట్‌కి మాత్రం ఫైనల్ రూల్‌లో జవాబు రాయక తప్పదు, ఎందుకు ఒప్పుకున్నాం, ఎందుకు ఒప్పుకోలేదు అని. ఆ జవాబు బలహీనంగా ఉంటే రేపు ఎవరైనా కోర్టుకి వెళ్ళినప్పుడు అదే పట్టుకుంటారు. సేవ్ కోర్టులో ఆగింది డిపార్ట్‌మెంట్‌కి చట్టం అంత అధికారం ఇవ్వలేదన్న కారణంతో, మీ కామెంట్ బాగోలేక కాదు.

పనిచేసినవి కూడా ఉన్నాయి. 2023 ఫిబ్రవరిలో కాలేజీలకి సర్వీసులు అమ్మే కంపెనీల మీద ఒక గైడెన్స్ లెటర్ ఇచ్చారు, దాని ప్రకారం దేశం బయట ఉన్న కంపెనీలతో అలాంటి కాంట్రాక్టే పెట్టుకోకూడదు. మన హైదరాబాదు, బెంగళూరు నుంచి సపోర్ట్ నడిపించే వాళ్ళ పరిస్థితేమిటని మా ఆఫీసులోనే గగ్గోలు. వెయ్యికి పైగా కామెంట్లు వెళ్ళాయి, మామూలు తిట్లు కాదు, "మా దగ్గర ఫలానా పని ఇలా ఆగిపోతుంది" అని. ముందు అమలు తేదీని మే నుంచి సెప్టెంబరుకి జరిపారు, తర్వాత మొత్తం పక్కన పెట్టేశారు.

ఫిజియో_2011

నేను హైదరాబాదులో బీపీటీ చేసి ఇక్కడికి వచ్చిన ఫిజికల్ థెరపిస్టుని. మా కోర్సూ లిస్టులో లేదు, డీపీటీ అంటే డాక్టరేట్ అయినా సరే! థియాలజీ ఉంది, మేము లేము, దేవుడే కాపాడాలి.

నాకు తోచింది ఒకటి చెప్తాను. మీరు మాత్రమే కాకుండా మీ అమ్మాయి పనిచేసిన క్లినిక్‌తో కూడా రాయించండి. మేము అలాగే చేశాం. మాది చిన్న ఊరు, డాక్టరుగారు వారానికి రెండు రోజులే వస్తారు, మిగతా రోజులు పేషెంట్లని చూసేది పీఏ ఒక్కరే. ఆ ఒక్కరు మానేస్తే కొత్తవాళ్ళని వెతకడానికి ఎన్ని నెలలు పట్టిందో మా మేనేజర్ తేదీలతో సహా రాసింది. నేనైతే ఇదివరకు ఒక పబ్లిక్ హియరింగ్‌లో ఆన్‌లైన్‌లో మాట్లాడాను, మూడు నిమిషాలు ఇచ్చారు, రెండున్నర నిమిషాలు నా పరిచయానికే అయిపోయింది, టెన్షన్‌లో అసలు పాయింట్ మర్చిపోయాను. రాయడం నయం.

ఎమ్మెస్_కుర్రాడు

మధ్యలో దూరుతున్నందుకు సారీ. నేను ఎఫ్-1 (స్టూడెంట్ వీసా) మీద ఉన్నాను, ఈ రూల్స్‌తో మాకేమైనా ఉందా? ఊళ్ళో పొలం పెట్టి బ్యాంకు లోన్ తెచ్చుకున్నాను.

ఎయిడ్_ఆఫీసు_అక్క

నేరుగా ఏమీ లేదు బాబూ. ఎఫ్-1 వాళ్ళకి ఫెడరల్ లోన్ ఎప్పుడూ రాదు, హెచ్-4 (హెచ్-1బీ వాళ్ళ కుటుంబానికిచ్చే వీసా) పిల్లలకీ రాదు. ఇక్కడి పిల్లలు తగ్గితే కాలేజీలు బయటి దేశాల వాళ్ళ మీద ఇంకా ఆశ పెట్టుకుంటాయేమో, ఫీజు తగ్గిస్తాయేమో, చెప్పలేం. నువ్వు కామెంట్ రాయొచ్చు గానీ ముందు నీ ఈఎంఐ చూసుకో.

డాలస్_నాన్న

అందరికీ ధన్యవాదాలు. మొన్న రాత్రి అమ్మాయీ నేనూ కూర్చుని రాశాం. మొదట నేను రాసినదాంట్లో సగం కోపమే ఉంది, తను అంతా కొట్టేసింది. పాత నిర్వచనంలో ఉన్న మూడు ముక్కలు ఒక్కొక్కటీ తీసుకుని, పీఏకి అది ఎలా సరిపోతుందో తనే రాసింది, చివర్లో ఈ సీటుకి తనకి ఏడాదికి ఎంత తక్కువ పడుతోందో ఒక లెక్క. పేజీన్నర. తన క్లినిక్ వాళ్ళు కూడా రాస్తామన్నారు. వీళ్ళు రాసేది వేరేగా పంపాలా, మా దానికే అతికించాలా?

సీటు మాత్రం వదలట్లేదు. ప్రైవేట్ లోన్‌కి నేను కోసైన్ (హామీ సంతకం) చేయాలంటున్నారు, వడ్డీ అడిగితే నా క్రెడిట్ స్కోరు చూసి చెప్తారట. గ్రాడ్ ప్లస్ వడ్డీ 8.94 శాతం, పైన నాలుగు శాతానికి పైగా ఫీజు అని తిట్టుకునేవాళ్ళం, ఇప్పుడు అదే బంగారంలా కనిపిస్తోంది.

ఎయిడ్_ఆఫీసు_అక్క

వేరేగానే పంపమనండి, వాళ్ళ లెటర్‌హెడ్ మీద, మీ వాక్యాలు ఒక్కటి కూడా కాపీ కొట్టకుండా. మెయిల్ చేస్తే తీసుకోరు, సైట్‌లోనే పెట్టాలి. పెట్టాక ట్రాకింగ్ నంబరు వస్తుంది, అది దాచుకోండి. వెంటనే సైట్‌లో కనిపించకపోతే కంగారు పడి మళ్ళీ మళ్ళీ పంపకండి, వాళ్ళు చూసి పెట్టడానికి టైమ్ పడుతుంది.

కోసైన్ చేసే ముందు ఇంకో పని. అగ్రిమెంట్‌లో "కోసైనర్ రిలీజ్" ఉందో లేదో, ఎన్ని నెలలు వరసగా కడితే మిమ్మల్ని వదులుతారో చూడండి. అది చూడకుండా సంతకం పెట్టిన నాన్నలు వారానికొకరు మా ఆఫీసుకి వస్తుంటారు.

పల్నాడు_టు_ఒహాయో

ఇంకొకటి. మీ ఏరియా హౌస్ మెంబర్‌కి (మన ఎంపీ లాంటివారు) కూడా ఒక లెటర్ పడేయండి. ఆ 20,500 అంకె మార్చాలంటే కాంగ్రెసే మార్చాలి (మన కాంగ్రెస్ కాదు లెండి), ఓటు లేకపోయినా ఆ ఏరియాలో ఉంటే చాలు. నేను కూడా ఈ వీకెండ్ ఒకటి రాస్తాను. పాయసం మాత్రం ఈసారి ఫైనల్ రూల్ వచ్చాకే, కోర్టు కేసులు కూడా అయ్యాకే.