చిత్తూరు దొరల సమాధి నుంచి డెవాన్ పారిష్ వరకు: వివరాలు ఎలా వెతకాలి?

ప్రశ్న (చిత్తూరు)
నమస్కారమండీ. ఉద్యోగ విరమణ తర్వాత మా ఊరి పాత సంగతులు రాసిపెట్టుకుంటున్నాను. ఇక్కడివాళ్లు దొరల సమాధులని పిలిచే చోట ఒక రాయి మీద, 1839లో 31 ఏళ్లకు చనిపోయిన ఒకాయన పేరూ, ఇంగ్లండులోని డెవాన్ కౌంటీకి చెందిన ఒక పల్లె పారిష్ (ఒక చర్చి కిందికి వచ్చే ఊరి పరిధి) పేరూ చదవగలిగాను. అంత దూరం నుంచి వచ్చి మన మట్టిలో కలిసిపోయిన ఆ మనిషి తల్లిదండ్రులెవరో, ఆ ఊళ్లో వాళ్లకు పొలమేమైనా ఉండేదో తెలుసుకోవాలని మనసు కొట్టుకుంటోంది. ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పగలరా?

సమాధానం (తిరుపతి)
ముందు మన వైపు నుంచే మొదలుపెట్టండి. చిత్తూరు అప్పట్లో ఉత్తర ఆర్కాటు జిల్లాకు ముఖ్య పట్టణం. మద్రాసు ప్రెసిడెన్సీలో జరిగిన బాప్తిస్మాలు, పెళ్లిళ్లు, ఖననాల పట్టికలకు నకళ్లు రాసి లండన్‌కు పంపేవారు. 1698 నుంచి ఉన్న ఆ నకళ్లు ఇప్పుడు బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి. అందులో ఆయన ఉద్యోగం దొరికితే సగం పని అయినట్టే. ఎందుకంటే మనకు ఇంటిపేరూ గోత్రమూ కలిస్తే మనిషి ఆనవాలు దొరుకుతుంది గానీ, అక్కడ ఒకే ఊళ్లో అన్నదమ్ముల పిల్లలు ముగ్గురు నలుగురికి ఒకే పేరు ఉండటం మామూలు.

ఆ తర్వాత పారిష్ రిజిస్టరు చూడాలి. ఇంగ్లండులో ప్రతి పారిష్ చర్చీ వీటిని రాయాలని 1538లోనే ఆజ్ఞ వెలువడింది. జనన మరణాల ప్రభుత్వ నమోదు 1837 జూలై 1న గానీ మొదలుకాలేదు కనుక, మీరు చెప్పిన మనిషికి బాప్తిస్మం నమోదే ఆధారం. తండ్రి వృత్తి రాసే అచ్చు ఫారాలు 1813లో వచ్చాయి. ఆయన అంతకు ముందే పుట్టారు కాబట్టి తల్లిదండ్రుల పేర్లకు మించి ఆశించకండి.

సమాధానం (మదనపల్లె)
పొలం సంగతికి వేరే దారి ఉంది. పంటలో చర్చికి ఇచ్చే పదో వంతును డబ్బు చెల్లింపుగా మార్చడానికి 1836లో చట్టం చేసి, చాలా ఊళ్లకు పటాలు గీయించారు. మన అడంగల్‌లో లాగానే ఒక్కొక్క చెక్క ఎవరిది, ఎవరు సాగు చేస్తున్నారు, విస్తీర్ణమెంత అన్నవి వాటి వెంట ఉన్న పట్టికలో కనిపిస్తాయి. ఊళ్లో మిగిలిన కుటుంబం కోసం 1841 కన్నా 1851 జనాభా లెక్కలు మేలు. పుట్టిన పారిష్, ఇంటి పెద్దకు ఏమవుతారన్నవి రెండోదానిలోనే ఉంటాయి. వీలునామాల మీద మాత్రం ఆశ పెట్టుకోకండి. ఎక్సెటర్‌లో దాచిన డెవాన్ వీలునామాలు 1942 బాంబు దాడిలో చాలావరకు కాలిపోయాయి.

ఒక్క మాట. పొద్దున్నే ఏటవాలు ఎండ పడేటప్పుడు ఆ రాయిని మరోసారి చదవండి.

ప్రశ్న అడిగినవారు
ఈ రోజు ఆరున్నరకే వెళ్లి చూశానండీ. నేను 1 అనుకున్నది 7. అంటే వయసు 37, పుట్టింది 1802 ప్రాంతంలో. బాప్తిస్మం ఆలస్యమై ఉండవచ్చు కనుక 1801 నుంచి 1806 వరకు వెతుకుతాను. రాయి కింది వరుస ఒకటి మట్టిలో కూరుకుపోయి ఉంది; దాన్ని గీరకుండా, నీళ్లతో నెమ్మదిగా తడిపి చూస్తాను.