కట్టెల పొయ్యి తీసేసి సోలార్ పెట్టించాలా?

మాధవి: మల్లేశ్వరంలో మా అత్తగారిది పాత పెంకుటిల్లు. స్నానాల గదిలో గోడలోకి కట్టిన పొయ్యి, దాని మీద రాగి హండా. సరుగుడు కట్టెలతో నీళ్లు కాస్తాం. పొగగొట్టం బీటలువారి పొగంతా లోపలికే వస్తోంది, అత్తయ్యకు దగ్గు తగ్గడం లేదు. సోలార్ పెట్టిద్దామని మావారు, పొయ్యి తీయొద్దని మా మరిది. ఏది మేలు?

మూర్తి: తీయకండి. తప్పు గొట్టానిది, పొయ్యిది కాదు. గొట్టం మార్చి కప్పు కన్నా ఎత్తుగా లేపండి, ఏటా మసి దులిపించండి. 200 లీటర్ల సోలార్ ట్యాంకులో నీళ్ల బరువే 200 కిలోలు. పెంకుల మీద ఎక్కడ నిలబెడతారు? పక్కన నాలుగంతస్తులు లేచాక మా చెల్లెలి ఇంటి సోలార్ మీద మధ్యాహ్నం దాకా ఎండే పడదు.

సునీత: సోలార్ కుదరకపోతే గీజరు ఉంది. 15 లీటర్లను 20 డిగ్రీల నుంచి 60కి తేవడానికి సుమారు ముప్పావు యూనిట్ కరెంటు చాలు. అంతమాత్రానికి తెల్లవారకముందే పొయ్యి ముందు కూర్చోవాలా?

మూర్తి: బోరు నీళ్లతో గీజరు ఎలిమెంటు మీద తెల్లటి పెచ్చు కడుతుంది. హండాకు చింతపండు రుద్దితే సరిపోతుంది.

రవి: గ్యాస్ గీజరు మాత్రం స్నానాల గదిలో వద్దు. గ్యాస్ సరిగా మండకపోతే వచ్చే కార్బన్ మోనాక్సైడ్ విషం, దానికి వాసన ఉండదు.

మూర్తి: పాత ఇళ్లలో ఎర్తింగ్ కూడా నమ్మలేం. మరి ట్యాంకు బరువు సంగతి ఎవరూ చెప్పరేం?

సునీత: మూర్తి గారూ, ఆవిడ అడిగింది దగ్గు గురించి, మీరు ట్యాంకు దగ్గరే ఆగిపోయారు! మా అమ్మ జన్మంతా తడి కట్టెల పొగ పీల్చింది. ఇప్పుడు ఆక్సిజన్ లేకుండా నాలుగు అడుగులు వేయలేదు. ఇల్లు చూసి మెచ్చుకున్నవారిలో ఒక్కరూ ఊదుగొట్టం అందుకోలేదు. మీ ఇంట్లో పొయ్యి ఎవరు వెలిగిస్తారు?

మూర్తి: నేనే. మీ అమ్మగారి సంగతికి బాధగా ఉంది, ఆ కోపం నా మీద చూపకండి. నాన్నగారు ఆస్పత్రిలో ఉండగా మా అన్నయ్యలు హండాను తూకానికి అమ్మేశారు. ఆయన తిరిగొచ్చి ఇల్లంతా వెతుక్కున్నారు. ఇక్కడా అదే జరుగుతోంది. మావారు అన్నారు, మరిది అన్నారు. ఆ ఇంట్లో పెద్దావిడ ఏమన్నారు?

రవి: అవును, అది ఎవరూ అడగలేదు.

మాధవి: ఇప్పుడే అడిగాను. "దగ్గు సంగతి తర్వాత, నాకు నడుము వంగడం లేదు. మీలో ఎవరైనా రోజూ వెలిగిస్తామంటే ఉంచండి, లేకపోతే తీసేయండి" అన్నారు. మరిది ఏమీ మాట్లాడలేదు.

సునీత: అయితే ఈ వారమే ఎలక్ట్రీషియన్‌ను పిలిచి 16 ఆంపియర్ల ప్లగ్గు, ఎర్తింగ్ వేయించి గీజరు పెట్టించండి.

మూర్తి: గీజరు పెట్టించండి, కాదనను. పొయ్యి పగలగొట్టడానికి మాత్రం తొందరపడకండి. ముందు గొట్టం మార్పించి, కట్టెలు మరిది గారి చేతికివ్వండి.

సునీత: ఆయన వెలిగించే దాకా ఆ పొగలో కూర్చునేది ఎవరు?